ల్యాబుల్లో ‘పికిల్’ ఒక్కటే నేర్పితే చాలదు

సంపాదకులకు,

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ విద్యార్థులు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేసే ప్రాజెక్టులను చూస్తుంటే, ప్రోగ్రాం ఆగిన తర్వాత కూడా డేటా నిలవడానికి చాలామంది ‘పికిల్’ మాడ్యూల్‌నే వాడుతున్నారు. ఒక వరుసలో డంప్ (డేటాను ఫైలులో దాచడం), మరో వరుసలో లోడ్ (దాన్ని తిరిగి తీసుకోవడం). అంతటితో పని అయిపోతుంది. సులువైనదే, కాదనను.

అయితే పికిల్ ఫైలులో ఉండేవి విలువలు మాత్రమే కావు, వాటిని తిరిగి నిర్మించడానికి పైథాన్ పాటించవలసిన ఆదేశాలు కూడా. ఎవరైనా అందులో హానికరమైన ఆదేశాన్ని చొప్పిస్తే, ఫైలును లోడ్ చేసినప్పుడు అదీ నడిచిపోతుంది. నమ్మకం లేని చోటి నుంచి వచ్చిన డేటాను పికిల్‌తో తెరవవద్దని పైథాన్ అధికారిక పత్రాలే హెచ్చరిస్తుండగా, ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారే ల్యాబుల్లో ఈ మాట చెప్పకుండా పాఠం ముగించడం సరికాదు.

మునుగోడు, మర్రిగూడ వైపు బోరునీటిలోని ఫ్లోరైడ్ కొలతలను నమోదు చేసే ప్రాజెక్టును తీసుకుందాం. ఊరి పేరు, తేదీ, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అన్న వివరాలకు, డేటాను మామూలు అక్షరాల్లో రాసిపెట్టే జేసన్ పద్ధతి సరిపోతుంది. 2008లో విడుదలైన పైథాన్ 2.6 నుంచి జేసన్ మాడ్యూల్ భాషతోపాటే వస్తోంది. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదువుకోవచ్చు. ఊరి పేర్లు తెలుగులోనే కనబడాలంటే డంప్‌లోని ‘ఎన్‌ష్యూర్ ఆస్కీ’ అనే ఎంపికను ఫాల్స్ చేసి, ఫైలును తెలుగు అక్షరాలనూ దాచగల యూటీఎఫ్-8 పద్ధతిలో తెరవాలి, లేకుంటే అక్షరాల స్థానంలో యూనికోడ్ సంకేత సంఖ్యలు కనిపిస్తాయి.

జేసన్‌కూ పరిమితులున్నాయి. టపుల్ (మార్చడానికి వీల్లేని విలువల వరుస) తిరిగివచ్చేసరికి లిస్టు (మార్చదగిన వరుస) అవుతుంది, పైథాన్ తేదీని స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) మార్చి ఇవ్వకపోతే ఎర్రర్ వస్తుంది. అసలు నష్టం ఆ ఎర్రర్‌తోనే మొదలవుతుంది. ‘డబ్ల్యూ’ (రాసే) మోడ్‌లో ఫైలును తెరవగానే పాత డేటా అంతా చెరిగిపోతుంది కనుక, రాత మధ్యలో ఎర్రర్ వచ్చినా, కరెంటు పోయినా, వేసవి అంతా తిరిగి సేకరించిన కొలతలు పోయి సగం రాసిన ఫైలు మిగులుతుంది. ముందు తాత్కాలిక పేరుతో మరో ఫైలులో రాసి, రాత పూర్తయ్యాకనే పైథాన్‌లోని ‘ఓఎస్ రిప్లేస్’ అనే ఆదేశంతో దానికి అసలు పేరు ఇస్తే, రాత మధ్యలో ఆగినా పాత ఫైలు చెక్కుచెదరదు. రెండు మూడు వరుసల ఈ పనిని రికార్డు పుస్తకాల్లో ఎక్కడా రాయించకపోవడం ఆశ్చర్యం.

పాఠ్యప్రణాళికలను రూపొందించే వారు ప్రాక్టికల్ పరీక్షలో ఒక ప్రశ్న చేర్చాలని కోరుతున్నాను: డేటాను సేవ్ చేస్తుండగా ప్రోగ్రాంను మధ్యలో ఆపించి, పాత ఫైలు తిరిగి లోడ్ అవుతుందో లేదో విద్యార్థి చేత చూపించమనాలి.

– ఒక కంప్యూటర్స్ అధ్యాపకుడు, నల్లగొండ