చదవలేని పిల్లలను సోమరులనడం తగదు

సంపాదకులకు నమస్కారం.

మా మనవడు నాలుగో తరగతి చదువుతున్నాడు. విన్న కథను పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు, చిల్లర లెక్కలు నోటితోనే తేలుస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ‘ప’కూ ‘ష’కూ, ‘మ’కూ ‘య’కూ తేడా పోల్చుకోలేక, వత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోతాడు. రెండేళ్లపాటు వాణ్ణి సోమరి అన్నాం, కొట్టాం కూడా. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అది డిస్లెక్సియా అనే, చదవడం నేర్చుకోవడంలో ఎదురయ్యే ఇబ్బంది అని, తెలివితేటల లోపం కానే కాదని నిపుణులు పరీక్షించి చెప్పాకే మాకు అర్థమైంది.

1995 నాటి వికలాంగుల చట్టంలో చోటు దొరకని ఈ అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో ఒకటిగా చేర్చింది. పిల్లలలో దీనిని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధనా పద్ధతులు చేపట్టాలని 16వ సెక్షన్‌లో నిర్దేశించింది. అదనపు సమయం, పరీక్ష రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు పదో తరగతి ముంగిట గుర్తుకొస్తే, అప్పటికే ఆ బిడ్డ బడి అంటేనే బెదిరిపోయి ఉంటాడు. రెండో తరగతిలోనే ప్రతి విద్యార్థి చదివే తీరును పరిశీలించేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని, నిర్ధారణ పరీక్షలను మండల స్థాయిలోనే ఉచితంగా జరిపించాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉద్యోగి, తెనాలి