నలుగురి ఆట నేనొక్కదాన్నే ఆడుతున్నా

ఒరేయ్ తమ్ముడూ,

ఎలా ఉన్నావ్, నానమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? ఇక్కడ బెర్లిన్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతోంది. ఆఫీసు నుంచొచ్చి వండుకు తిని సిస్టం ముందు కూర్చునేసరికి పదిన్నర, అంటే మీకు తెల్లారుజాము మూడు, ఆ టైంలో నేను రాస్తున్న అష్టా చెమ్మా గేమ్ టెస్ట్ చేద్దాం లేవరా అని నిన్ను లేపలేను కదా, అందుకే నలుగురి పందేలూ నేనే వేస్తున్నా.

ఎలాగని అడిగావుగా. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో 4.3లో డీబగ్ మెనూ కింద కస్టమైజ్ రన్ ఇన్‌స్టాన్సెస్ అని ఉంటుంది, అక్కడ నాలుగు పెడితే ప్లే నొక్కగానే నాలుగు విండోలొస్తాయి, ఒకటి సర్వరు, అంటే ఆట నడిపేది, మిగతా మూడూ 127.0.0.1కి, అంటే ఇదే మెషీన్‌కి కనెక్ట్ అవుతాయి. మొదటిరోజు నాలుగింట్లోనూ పేరు నానమ్మ అనే వచ్చింది! ఒకే మెషీన్ మీద నాలుగూ ఒకే సేవ్ ఫైల్ చదువుతాయి మరి. ఒక్కో విండోకి లాంచ్ ఆర్గ్యుమెంట్‌లో, అంటే అది మొదలయ్యేటప్పుడు ఇచ్చే సూచనలో, వేరే పేరు ఇచ్చాక సరిపోయింది.

తర్వాత గవ్వలు. నీ విండోలో అష్టా పడింది, నానమ్మ విండోలో అదే పందెం మూడు! నాలుగూ పక్కపక్కన పెట్టుకోబట్టి కనబడింది గానీ ఒక్కటే చూస్తే ఎప్పటికీ దొరికేది కాదు. ప్రతి విండో తన రాండమ్ నంబర్ తనే తీసుకుంటోంది. ఇప్పుడు గవ్వలు సర్వరే వేసి అందరికీ చెప్తుంది, నువ్వు నీ గేమ్‌లో కూడా ఇది మాత్రం మర్చిపోకు.

ఇంకోటి, లోకల్‌లో డిలే అసలుండదు కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది, దాన్ని నమ్మకు. నేను లైనక్స్‌లో నెట్‌వర్క్‌ని కావాలని ఆలస్యం చేసే నెట్‌ఎమ్‌తో లూప్‌బ్యాక్ మీద, అంటే మెషీన్ తనతో తను మాట్లాడుకునే దారి మీద, 100 మిల్లీసెకన్ల డిలే పెట్టా, వెళ్ళడానికీ రావడానికీ కలిపి 200 అవుతుంది. వెంటనే బయటపడింది, గవ్వలు కదల్లేదేంటని రెండోసారి నొక్కితే రెండు పందేలు పడుతున్నాయి. నానమ్మ తప్పకుండా రెండుసార్లు నొక్కుతుంది, ఆవిడ ఫోన్ ఎలా నొక్కుతుందో నాకు తెలుసు. అందుకే వంతు ఎవరిదో, పందెం అయిపోయిందో లేదో సర్వరే చూసేలా రాశా. మూడు రాత్రులు పట్టింది.

గేమ్ ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసే ఫైల్, పంపుతున్నా, ఆవిడ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చెయ్. ఆదివారం ఆడదాం, మీకు సాయంత్రం ఆరు, నాకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆవిడకి ఎప్పుడూ ఎర్ర కాయలే కావాలి, అవి ఆవిడకే పెట్టా.

మీ అక్క