మంచు పూలు ఫొటోలో బూడిదరంగెందుకు?

సంపాదకులకు,

డిసెంబరు, జనవరిలో బెంగళూరు నుంచి ఊటీ వెళ్లి, గడ్డకట్టిన మంచు పట్టిన పూలను ఫొటో తీసేవారికి ఈ సూచనలు. (మన లాల్‌బాగ్‌లో పూల మీద కనిపించేది నీటిబిందువుల మంచు.) తెల్లటి మంచును కెమెరా మీటరు (వెలుతురు కొలిచే భాగం) బూడిదరంగు చేసేస్తుంది; ఎక్స్‌పోజరు (ఫొటోకు అందే వెలుగు) +0.7 నుంచి +1 వరకు పెంచాలి. ఎండ తగిలితే మంచు నిమిషాల్లో కరుగుతుంది. అందుకే సూర్యోదయానికి అరగంట ముందే ట్రైపాడ్ నిలిపి, లెన్సు రంధ్రం కొలత (అపర్చరు) ఎఫ్/8 పెట్టి, ఫోకస్ చేత్తో సరిచూసుకోండి. పువ్వు వెనుక నుంచి వచ్చే తొలి కిరణమే మంచు అంచులను మెరిపిస్తుంది. మరీ దగ్గరగా వంగి ఊపిరి వదలకండి, మన వెచ్చదనానికే కరిగిపోతుంది! చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి రెండో బ్యాటరీ లోపలి జేబులో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, గదిలోకి వచ్చే ముందే కెమెరాను గాలి చొరని సంచిలో మూసి గంటసేపు తెరవకండి. లేదంటే లెన్సుకు చెమ్మ పడుతుంది. అది ఆరకపోతే బూజు. దయచేసి పూలమడుల్లోకి దిగవద్దు.

– ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు