మీటరు పక్కన పుస్తకం: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా రేడియేషన్‌ను కొలిచి చూసే మన సంఘం పదకొండు ఆదివారాలు క్షేత్ర పరిశీలనకు వెళ్లింది, నాలుగు కాలనీల్లో ప్రదర్శనలు ఇచ్చింది, అందుకు వాడే రెండు గీగర్ మీటర్లకు మరమ్మతు చేయించింది. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో అందరికీ అందుతుంది కాబట్టి ఇక్కడ దాని జోలికి పోను. కార్యదర్శిగా ఈ ఏడాది నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసిన విషయం ఒకటుంది. మీటరు చూడటం మనకు వచ్చింది, చూసినదాన్ని రాయడం ఇంకా రాలేదు. ఈ నివేదికలో చాలా భాగం దాని గురించే.

ఆగస్టులో జరిగిన పొరపాటుతోనే మొదలుపెడతాను. ఒక అపార్ట్‌మెంటు వారు తమ లిఫ్టు ముందు కొత్తగా పరిచిన గ్రానైటును పరీక్షించమని మనల్ని పిలిచారు. వెళ్లిన సభ్యుడు మీటరును రాతి మీద బోర్లా పెట్టి, తెరమీద అంకె పైకెగిరిన క్షణంలో ఫొటో తీసి, అక్కడివారి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గంటలో భవనమంతా గగ్గోలు. నిండు గర్భిణి ఒకరు ఆ రాత్రే పుట్టింటికి వెళ్లిపోయారు. మర్నాడు మేము ముగ్గురం వెళ్లి, లిఫ్టు దగ్గర, మేడ మీద, గేటు బయట ఉన్న బండరాయి పక్కన, నడుము ఎత్తున మీటరు నిలిపి పదేసి నిమిషాలు కొలిచాం. మూడు చోట్లా చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి మొదటి రోజు అంకె ఎలా వచ్చింది? మన చిన్న గొట్టం మీటర్లలో మామూలు చోట నిమిషానికి సుమారు పాతిక టిక్కులు పడతాయి, గొట్టానికి ఒక కిరణమో కణమో తగిలినప్పుడల్లా ఒక టిక్కు. అవి గడియారం టిక్కుల్లా సమంగా రావు, రేకుల కప్పు మీద వాన చినుకుల్లా పడతాయి. పాతిక లెక్కిస్తే అటూ ఇటూ ఐదు తేడా సహజం, అంటే ఐదో వంతు. పది నిమిషాలు ఓపికపట్టి 250 లెక్కిస్తే సహజమైన తేడా పదహారు, అంటే నూటికి ఆరు. పది సెకన్లలో పడే నాలుగైదు టిక్కుల నుంచి పుట్టిన అంకెను పట్టుకుని ఎవరికీ ఏమీ చెప్పకూడదు. దానికి తోడు, రాతికి ఆనిస్తే గామా కిరణాలతో పాటు, ఎక్కువ దూరం పోలేని బీటా కణాలు కూడా గొట్టంలోకి చేరతాయి. మీటరుకు ఆ తేడా తెలియదు. అన్నిటినీ, దాన్ని సరిచూడటానికి వాడే సీజియం-137 గామా కిరణాలుగానే లెక్కగట్టి సీవర్టుల్లో, అంటే ఒంటికి అందే మోతాదుగా, చూపిస్తుంది. టిక్కులు నిజమే, ఆ సీవర్టులు నిజం కావు.

వారి సమావేశానికి వెళ్లి క్షమాపణ చెప్పాం. ఆ గర్భిణి తిరిగి వచ్చాక నేను ఆమె ఇంటికి కూడా వెళ్లాను. "మొన్న మీరే ఎక్కువ అన్నారు, ఇప్పుడు మీరే ఏమీ లేదంటున్నారు. దేన్ని నమ్మమంటారండీ?" అని అడిగారు. రెండో రోజు కొలతల పుస్తకం విప్పి, ఎక్కడ, ఎంత ఎత్తున, ఎన్ని నిమిషాలు, ఎన్ని టిక్కులు అన్నది వేలు పెట్టి చూపించాను. మొదటి రోజు కొలతకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటి నుంచి సంఘంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: తేదీ, వేళ, వాతావరణం, మీటరు నంబరు, ఎత్తు, నిమిషాలు, మొత్తం టిక్కులు పుస్తకంలోకి ఎక్కకుండా ఏ అంకే బయటికి వెళ్లదు.

కొత్త సభ్యుల కోసం మన ఊరి సంగతి కాస్త చెప్పాలి. హైదరాబాద్ నిలబడింది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. ఆ రాతిలో పొటాషియం, యురేనియం, థోరియం పుట్టుకతోనే ఉన్నాయి. అందుకే దేశంలో చాలా చోట్ల కంటే ఇక్కడ మీటరు కాస్త ఎక్కువ చూపుతుంది. ఖాజాగూడ గుట్టల మీద మొదటిసారి మీటరు తెరిచిన వారి ముఖంలో కంగారు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు నేనూ అలాగే కంగారుపడ్డాను. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు అందుతాయని రేడియేషన్ ప్రభావాలపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ 2008 నివేదిక అంచనా. థోరియం ఉండే మోనజైట్ ఇసుక ఉన్న కేరళ కరునాగపల్లి తీరంలో దానికి ఎన్నో రెట్లు అందే ఇళ్లున్నాయి. సామాన్య ప్రజలకు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన ఏడాదికి 1 మిల్లీసీవర్టు పరిమితిలో ఈ సహజ భాగమూ, వైద్య పరీక్షల వల్ల అందేదీ కలవవు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది అనవసరంగా భయపడుతున్నారో!

ఈ ఏడాది నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు జూన్‌లో తొలి వాన పడ్డ సాయంత్రం. మల్కాజిగిరి సభ్యుల ఇంటి ముందు నిలిపిన కారు బానెట్ మీద, వాన ఆగీ ఆగకముందే, ఎనిమిదో తరగతి చదివే వారి అమ్మాయి ఒక టిష్యూ కాగితంతో నీళ్లు తుడిచి, మడిచి, మీటరు కింద పెట్టింది. టిక్కులు ఒక్కసారిగా జోరందుకున్నాయి. పది నిమిషాలకొకసారి ఆ పాపే లెక్కించి రాసింది. అరగంటకు పెరిగినదాంట్లో దాదాపు సగం పోయింది, మరో అరగంటకు మిగిలినదాంట్లో సగం. రాత్రి భోజనాల వేళకు ఆ కాగితం మామూలు కాగితం. నేలలోంచి పైకి వచ్చే రాడాన్ వాయువు క్షీణించి గాలిలో సీసం-214, బిస్మత్-214గా మారుతుంది. వాటిని వాన కిందికి దించుతుంది. ఒకదాని అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, 27 నిమిషాలు, రెండోదానిది 20 నిమిషాలు. ఆ పుస్తకంలోని పేజీని సమావేశంలో అందరికీ చూపిస్తాను. కొట్టివేతలు లేవు, గుండ్రటి అంకెలు, చివర "వాన ఆగింది" అని రాసిన వేళ. వాతావరణం గడి ఎందుకని విసుక్కునేవారు ఆ పేజీ చూస్తే చాలు.

నవంబరు సమావేశంలో బల్ల మీదున్న మూడు మీటర్లూ కలిసికట్టుగా మోగాయి. కుర్చీలు జరిపి చూస్తే, ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లినప్పుడల్లా మోత పెరుగుతోంది. ఆయనే చెప్పారు, ఆ ఉదయం గుండె స్కాను చేయించుకున్నానని. అందులో ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎం అర్ధాయువు ఆరు గంటలు, ఒకటి రెండు రోజుల్లో జాడ ఉండదు. ఆయన పెద్దమనసుతో తీసుకున్నారు గానీ, అదే బస్సులో ఒక అపరిచితుడికి జరిగితే? ఒకరి అనారోగ్యాన్ని నలుగురిలో బయటపెట్టే హక్కు మనకు లేదు. ఇకపై మనుషుల వైపు మీటరు తిప్పడం నిషిద్ధం. ఎవరి స్కాను సంగతీ పుస్తకంలో రాయకూడదు.

పాత ఇనుప సామాను దుకాణాలు, ఎర్రగడ్డ ఆదివారం అంగడి గురించి గట్టిగానే రాయాలి. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో, వాడకం మానేసిన ప్రయోగశాల పరికరంలోని కోబాల్ట్-60 ముక్కలు బయటపడి ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో పాడుబడ్డ ఆసుపత్రి నుంచి ఎత్తుకొచ్చిన యంత్రంలోని సీజియం పొడి చీకట్లో నీలంగా వెలుగుతోందని ఇంటింటికీ పంచుకున్నారు. నలుగురు చనిపోయారు, వారిలో ఆరేళ్ల పాప ఒకరు. ఈ రెండు చోట్లా ప్రాణాలు పోయింది అది ఏమిటో తెలియని మామూలు మనుషులవి. అందుకే తుక్కు దుకాణాల వారికి రేడియేషన్ ప్రమాదాన్ని తెలిపే మూడు రేకుల గుర్తునూ, 2007లో వచ్చిన, ఎర్రటి త్రికోణంలో పుర్రె, పరుగెత్తే మనిషి బొమ్మలున్న గుర్తునూ పరిచయం చేసే పనిని ఈ ఏడాది మొదలుపెట్టాం.

మనవారికి కట్టుబాటు ఇది. నడుస్తుండగా మీటరు గంటకు 2 మైక్రోసీవర్టులు (మైక్రో అంటే మిల్లీలో వెయ్యో వంతు) దాటితే వెనక్కి తిరగాలి. ఎక్కడి నుంచి వస్తోందో వెతకకూడదు. ఆ అంకె దానికదే పెద్ద ప్రమాదమని కాదు. ఆ చోట 500 గంటలు ఉంటే గానీ 1 మిల్లీసీవర్టు కాదు. కానీ ముందు ఏముందో మనకు తెలియదు. దూరం సగమైతే తీవ్రత నాలుగింతలవుతుంది. మరీ తీవ్రమైన చోట గీగర్ గొట్టం ఉక్కిరిబిక్కిరై తక్కువ చూపవచ్చు, మూగబోవచ్చు కూడా. పెరుగుతూ వచ్చిన మీటరు హఠాత్తుగా శాంతిస్తే సంతోషించకండి, పరుగెత్తండి. దూరంగా వచ్చాక 112కు ఫోన్ చేసి, ఇతరులు అటు వెళ్లకుండా చూడాలి. బరువుగా, నున్నగా మెరిసే లోహపు ముక్కలను చేత్తో తాకవద్దు.

ఆల్ఫా కణాలనే మరో రకం రేడియేషన్ ఉంది; అవి మన మీటర్ల గొట్టం గోడను దాటి లోపలికి రాలేవు, కాబట్టి మీటరు ఊరుకుంది కదా అని దుమ్మును నిర్లక్ష్యం చేయకూడదు. పరిశీలన చోట తినడం, తాగడం వద్దు. రాళ్లు పగలగొట్టడం, ముక్కలు ఇంటికి తేవడం వద్దు. అంగడిలో దొరికే పాత రేడియం గడియారాల అద్దం తీయవద్దు. అంకెలు వెలగడం మానేశాయి కాబట్టి రేడియం అయిపోయిందని ఒక సభ్యుడు వాదించారు. అరిగిపోయింది వెలుగునిచ్చే రంగు, రేడియం కాదు. దాని అర్ధాయువు 1600 ఏళ్లు. పెట్రోమాక్స్ దీపాల పాత మాంటిళ్లలో థోరియం ఉంటుంది, వాటి బూడిదను ఊదవద్దు.

ఇక సొంత మోతాదు పుస్తకం. ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో రేడియేషన్ మధ్య పనిచేసేవారికి, అందిన మోతాదును నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జీ ఉంటుంది. ఛాతీ మీద పెట్టుకుంటారు, మూడు నెలలకొకసారి ప్రయోగశాలకు పంపుతారు. వారికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు పరిమితి, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మనకు బ్యాడ్జీ లేదు, పుస్తకమే బ్యాడ్జీ. లెక్క సులువు: ఇంట్లో గంటకు 0.2 మైక్రోసీవర్టు చూపే మీటరు గుట్ట మీద 0.3 చూపింది, నాలుగు గంటలు తిరిగాం, అదనంగా అందింది 0.4 మైక్రోసీవర్టు. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదాంట్లోనే 20 నుంచి 100 మైక్రోసీవర్టుల దాకా ఉంటుంది. ఇంత తక్కువైతే రాయడం ఎందుకని కొందరు అడిగారు. తక్కువే అని ఇంట్లోవారికి చెప్పాలంటే రాసి ఉండాలి. మోతాదు చూపే చిన్న మీటరు ఛాతీ మీద ఉండాలి, వీపు సంచిలో కాదు. మన ఒళ్లే దానికి అడ్డుగోడ అవుతుంది.

మనల్ని పిలిచేవారిలో చాలామంది సెల్ టవర్ కొలవమంటారు. ఆ తరంగాలు వేరు, మన మీటరు వాటిని చూడదు, కాబట్టి "ఏమీ లేదు" అని కూడా మనం చెప్పకూడదు. బోరు నీటిలో యురేనియం కొలవమని నల్లగొండ వైపు నుంచి వచ్చేవారికీ ఇదే మాట. లీటరుకు 30 మైక్రోగ్రాములన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు, దాన్ని తేల్చేది ప్రయోగశాల మాత్రమే. సీసా నీటి పక్కన గీగర్ మీటరు పెట్టి ధైర్యం చెప్పడం వారిని మోసం చేయడమే. మౌలాలి దగ్గరి అణు ఇంధన సముదాయం వంటి సంస్థల ప్రహరీల చుట్టూ మీటరుతో తిరగడానికి ఈ ఏడాది కూడా ఎవరికీ అనుమతి ఇవ్వలేదు, ఇవ్వబోము.

ఒకటో నంబరు మీటరుకు గుర్తింపు పొందిన ప్రయోగశాలలో కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) పూర్తయింది. మూడో దానికి గడువు దాటింది, ఆ ఖర్చుకు సమావేశంలో ఆమోదం కోరుతున్నాను. అది తిరిగి వచ్చేదాకా దాని కొలతలను పుస్తకంలో ఎర్ర సిరాతో రాయండి. రెండో నంబరు మీటరు ఎవరి దగ్గరుందో వారు మే నెలాఖరులోగా మల్కాజిగిరికి చేర్చాలి. తొలి వాన నాటికి అది అక్కడ ఉండాలని ఆ అమ్మాయి ఇప్పటికే నాకు రెండుసార్లు ఫోన్ చేసింది.

కార్యదర్శి