ఫొటోలో పదకొండు మంది, కుర్చీలో ఒక పేషెంటు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో 'ఉచిత నేత్ర వైద్య శిబిరానికి విశేష స్పందన' అని వార్త వేశారు. చూసీచూడనట్టు ఊరుకుందామనే అనుకున్నాను, వారం గడిచినా నావల్ల కాలేదు. ఆ ఫొటోలో ఎంతమంది ఉన్నారో భూతద్దం పెట్టి మరీ లెక్కపెట్టాను (రిటైరైన లెక్కల టీచర్ని, పాత అలవాటు). నిలబడ్డవాళ్లు పదకొండు మంది, అందరి భుజాల మీదా శాలువాలు. కూర్చున్న పేషెంటు మాత్రం ఒక్కరే, ఆ ముసలమ్మ ముఖానికి కూడా ఎవరిదో శాలువా కొస అడ్డం వచ్చింది. వెనక బ్యానర్ మీద షరా మామూలే, సర్వేంద్రియాణాం నయనం ప్రధానం. అందులోనూ 'ధ' కాస్తా 'ద' అయి 'నయనం ప్రదానం' అని పడింది. కళ్లు ఇచ్చేసి వెళ్లండి అని కాబోలు.

వార్త నిండా వచ్చిన పెద్దల పేర్లే. ఎంతమందికి అద్దాలిచ్చారో రాశారు, ఎంతమందికి శుక్లాలున్నాయో రాశారు. కంట్లో ప్రెషర్ ఎంతమందికి చూశారన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. చూస్తే కదా రాయడానికి!

ఇంతగా ఎందుకడుగుతున్నానంటే మా అక్క గురించి. ఆమెకు 71 ఏళ్లు. రెండేళ్ల కిందట ఇలాంటి శిబిరానికే నేనే తీసుకెళ్లాను. ఎవరు పెట్టారో ఇప్పుడు అనవసరం. గోడకు బోర్డు, దూరంగా కుర్చీ, పై నుంచి నాలుగు వరుసలు చదివించారు, చదివింది. చత్వారం తప్ప ఇంకేం లేదమ్మా అని అద్దాలు చేతిలో పెట్టి ఫొటో తీసుకున్నారు. మేమూ సంతోషంగా ఇంటికొచ్చాం. ఆ తర్వాత తలుపు రెక్కకు ఎడమ భుజం తగిలించుకోవడం, కాలిపక్కన ఉన్న బిందెను తన్నుకోవడం మొదలైంది. వయసు మీద పడుతోందిలే అనుకున్నాం. ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి కంట్లో సబ్బు పడి ఆ కన్ను మూసుకుందట, ఎదురుగా ఉన్న బకెట్ కనపడలేదు. తువ్వాలు చుట్టుకునే బయటికొచ్చి, "తమ్మీ, ఎడమ కన్ను పనిజేస్తలేదురా" అంది. అప్పటిదాకా కుడి కన్ను రెండు కళ్ల పనీ చేస్తుండటంతో ఆమెకే తెలియలేదు.

హైదరాబాద్ తీసుకెళ్తే నీటికాసులన్నారు, అదే గ్లకోమా. కంట్లో ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కన) మధ్య ఉండాలట, ఆ ఎడమ కంట్లో 38. నొప్పి లేదు, ఎరుపు లేదు. చూపు అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది కాబట్టి బోర్డు మీద అక్షరాలు చివరిదాకా కనపడుతూనే ఉంటాయి. అందుకే బోర్డు చదివించి పంపేస్తే ఇది దొరకదు. ప్రెషర్ కొలవాలి, అది 21 లోపే ఉన్నా జబ్బు ఉండొచ్చు గనక కంటి వెనక నరం కూడా చూడాలి. శుక్లమైతే ఆపరేషన్ చేసి లెన్స్ పెడితే చూపు తిరిగొస్తుంది. ఇందులో పోయిన చూపు పోయినట్టే, మిగిలింది కాపాడుకోవడానికే మందు.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఇంతకుముందు ఏం చుక్కలు వేసుకున్నారని. అక్క చీర కొంగులోంచి చిన్న సీసా తీసింది. కళ్లు దురదపెడుతున్నాయంటే ఏడాదిన్నర కిందట మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చింది, అయిపోయినప్పుడల్లా మళ్లీ అదే. అందులో స్టెరాయిడ్ ఉంది. ఉన్న జబ్బుకు అది ఆజ్యం పోసిందన్నారు. చీటీ లేకుండా అది ఎలా అమ్ముతారని ఊళ్లోకి వచ్చాక ఆ కుర్రాణ్ణి అడిగితే, అందరూ తీసుకెళ్తారు సార్ అన్నాడు. నా దగ్గరే పదో తరగతి చదివాడు! ఈ షాపుల మీద తనిఖీకి ఎవరైనా వస్తారా అంటే వస్తారట, టీ తాగి వెళ్తారట.

మీ పేపర్లూ తక్కువేం తినలేదు లెండి. 2024 సెప్టెంబర్‌లో చుక్కలు వేసుకుంటే చత్వారం అద్దాలే అక్కర్లేదని ఎంత ఊదరగొట్టారు! కొద్దిరోజులకే కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆ అనుమతిని నిలిపేశారు. మొదటిది పెద్దక్షరాల్లో వచ్చింది, రెండోది పెళ్లి ప్రకటనల పక్కన ఎక్కడో దొరికింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2018 ఆగస్టు 15న తెలంగాణలో ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మొదలుపెట్టారు, 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత. మా వీధిలో సూదిలో దారం ఎక్కించలేని వాళ్లు ఆ అద్దాలతోనే మళ్లీ మిషన్ కుట్టారు. మరి విడతకూ విడతకూ మధ్య కళ్లు ఆగుతాయా? మా పట్టణం ఆస్పత్రిలో కంటి డాక్టరు మంగళ, శుక్రవారాలు అని బోర్డుంది. మూడు శుక్రవారాలు వెళ్లాను. గది తాళం తీసే ఉంది, కళ్లు పరీక్షించే మిషన్ మీద పువ్వుల దుప్పటి కప్పి ఉంది, టెక్నీషియన్ లేడట. ఎప్పుడొస్తాడంటే అటెండర్ నన్నే ఎగాదిగా చూశాడు. తోడబుట్టినవాళ్లకూ ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువన్నారు కాబట్టి నా కళ్లు చూపించుకోవడానికి కూడా నేను నూటముప్పై కిలోమీటర్లు బస్సులో పోవాల్సి వచ్చింది.

కాబట్టి అయ్యా, ఈసారి శిబిరం వార్త వస్తే మీ విలేకరిని మూడు సంగతులు కనుక్కోమనండి. ప్రెషర్ కొలిచే మిషన్ తెచ్చారా, షుగరున్న వాళ్లకు చుక్కలు వేసి కంటి లోపలి పొర రెటీనా చూశారా, అనుమానం ఉన్నవాళ్లను ఏ ఆస్పత్రికి, ఏ తేదీకి పంపారు. చోటు చాలకపోతే శాలువాల పేర్లు తీసేయండి.

అక్కకు ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి రెండు కళ్లలో ఒక్కో చుక్క, బతికినన్నాళ్లూ. సీల్ తీయని సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేదు, పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాచుకుంటోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
ఉమ్మడి నల్గొండ జిల్లా