కార్యదర్శి వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం సినిమా కూడా తీశాం

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని రూలు ఉంది కాబట్టి రాస్తున్నాను. చదివే టైముకి సగంమంది టీ దగ్గర ఉంటారని తెలుసు కాబట్టి ముందే గ్రూపులో పెడుతున్నాను.

మామూలు పనులన్నీ మామూలుగానే జరిగాయి. ఉగాదికి పచ్చడి, పంచాంగ శ్రవణం. పిల్లలకి ఆదివారం తెలుగు క్లాసు, పైసా తీసుకోకుండా చెబుతున్న టీచరమ్మగారికి దండాలు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి. ఆయన పాఠాలు చెప్పింది ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలోనే కాబట్టి అది మనకి ఇంటి పండగ, అయినా మాట్లాడాల్సిన ముగ్గురిలో ఇద్దరు రాలేదు. వచ్చిన ఒక్కరూ వ్యావహారిక భాష గొప్పదనం గురించి అచ్చమైన గ్రాంథికంలో ముప్పావుగంట చెప్పారు. వెనక బెంచీలో కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళని కోప్పడదామని వెళితే, ఒకడు "మరి మనం మాట్లాడినట్టు మాట్లాడే సినిమాలున్నాయి మాస్టారూ, అవి చూపించొచ్చు కదా" అన్నాడు. ఈ ఏడాది చేసిన అసలు పని అక్కడే మొదలైంది.

ఆరు శనివారాలు చిన్న బడ్జెట్ ప్రేమకథలు చూశాం, అన్నీ నవ్వించేవే. 2016లో వచ్చిన పెళ్ళి చూపులుతో మొదలెట్టాం, అందులో గొంతులు షూటింగ్ జరిగినచోటే రికార్డు చేశారు, డబ్బింగు గదిలో కాదు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో చాలామంది ఆ పేటవాళ్ళే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్ళే. మన వైపు యాస వినపడగానే ఆడవాళ్ళ వరసలోంచి చప్పట్లు మోగాయి. తరవాత అమెరికావి. ఒకదాంట్లో నాన్న పుట్టినరోజుకి పడక కుర్చీ ఇవ్వడానికి కొడుకు, వాడి ప్రియురాలు, తమ్ముడు వ్యానులో పోతుంటారు, దారంతా గొడవే. 2005 నాటి ఆ సినిమాకి అయింది పదిహేను వేల డాలర్లట! 2013లో వచ్చిన ఇంకోదాంట్లో పేరున్న నటులే చేశారు గానీ మాటలు రాసి ఇవ్వలేదు, ఏ సీనులో ఏం జరగాలో చెప్పి వదిలేశారు. ఈ బాపతు సినిమాలకి అక్కడ మంబుల్‌కోర్ అని పేరు, అంటే గొణుగుడు రకం. పేరు పెట్టింది ఒక సౌండ్ మిక్సింగ్ ఆయన. పాపం ఆ గొణుగుడంతా వినాల్సింది ఆయనే కదా.

ఎందుకు నచ్చాయని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోటి అన్నారు. నాకు తోచింది చెబుతాను. పెద్ద సినిమాలో ప్రేమ చెప్పేవాడికి మాట తడబడదు, వర్షం కూడా టైముకి పడుతుంది. వీటిలో అబ్బాయి "అది కాదు, అంటే, నేనేటంటన్నానంటే" అని ఆగిపోతాడు, అమ్మాయి అడ్డొస్తుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఊరుకుంటారు. మన పెళ్ళిళ్ళు కుదిరింది అలాగే. పైగా మన నోట్లో సగం తెలుగు, సగం ఒడియా, హైదరాబాదు వెళితే మన మాటకి నవ్వుతారు. రాసిన డైలాగుల్లో మనం ఎప్పుడూ లేము.

అందుకే మనమే ఒక సినిమా తీశాం. ఇరవై రెండు నిమిషాలు, రెండు ఆదివారాలు, రెండు సెల్‌ఫోన్లు. కథ ఒక్క పేజీ: పాతపట్నం నుంచి పెళ్ళిచూపులకి వచ్చినవాడు వేరే ఇంట్లో టిఫిన్ తినేసి కూర్చుంటాడు. రాసిన మాటలు లేవు. అబ్బాయికి చెప్పింది అమ్మాయికి తెలియదు, అమ్మాయికి చెప్పింది అబ్బాయికి తెలియదు. అన్న మాట రెండోసారి అలాగే రాదు కాబట్టి రెండు ఫోన్లూ ఎదురెదురుగా పెట్టి ఆపకుండా తీశాం. అయిదు గంటల సరుకు వచ్చింది. దాంట్లోంచి కథ ఏరుకోవడానికి మన కుర్రాడు నెల రోజులు నిద్ర మానేశాడు, నిజంగా రాసింది వాడే అనాలి. అమ్మమ్మగా చేసినావిడ కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయి "ఒరే నాయినా, నువ్వు ఏ ఇంటికొచ్చావురా, ఉప్మా ఇంకొంచెం ఎయ్యనా" అని ఒకే ఊపిరిలో అనేశారు. ఆ ముక్క ఎవరు రాయగలరు? చూపించిన రోజు జనం నవ్వుకి తరవాతి రెండు మాటలు వినపడలేదు.

ఇల్లిచ్చినవారికి, ఉప్మా మూడుసార్లు చేసినవారికి, మహేంద్రతనయ నది ఒడ్డున ఎండలో గొడుగు పట్టుకున్న ఇంటర్ పిల్లలకి, పాతపట్నం నుంచి సొంత పెట్రోలుతో వచ్చిన హీరోకి ధన్యవాదాలు. హాలు ఇస్తామన్న ఆఫీసు చుట్టూ ఏడుసార్లు తిరిగాం, ప్రతిసారీ "సార్ మీటింగులో ఉన్నారు." చివరికి మేడ మీద దుప్పటి కట్టి చూపించాం. వాలంటీర్లుగా పేరిచ్చినవాళ్ళు ఇరవై ఆరుగురు, వచ్చినవాళ్ళు ఏడుగురు. మిగతావాళ్ళు మాత్రం ఫొటోకి వచ్చారు.

జమాఖర్చులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, చందాలు సరిపోలేదు, తేడా కొందరం సర్దాం, వివరాలు ఆయన్ని అడగండి.

ఇంకొకటి. షూటింగుకి అద్దెకి తెచ్చిన ట్రైపాడ్ ఎవరింట్లోనో ఉండిపోయింది. షాపాయన రోజూ నాకే ఫోన్ చేస్తున్నాడు. ఎవరి దగ్గరుంటే వాళ్ళు సమావేశం రోజున తెచ్చి తలుపు పక్కన పెట్టేయండి, ఎవరని అడగను.