వదిలేముందు ఒక్క మాట

బుజ్జీ,

ఉత్తరం అందింది. పంజరం తలుపు తీసి నీ నీలం పిట్టను వదిలేయాలనిపిస్తోందని రాశావు. నీ జాలి నాకు తెలుసు. కానీ తొందరపడకు, ముందు దాని చుట్టాల సంగతి విను.

మనం లవ్ బర్డ్ అంటున్నాం గానీ దాని అసలు పేరు బడ్జెరిగార్. లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, జాతే వేరు. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎండు గడ్డి మైదానాలు. అక్కడివి ఒళ్ళంతా పచ్చగా, తల పసుపుగా, వీపు మీద నల్ల చారలతో ఉంటాయి. గడ్డిలో వాలితే పోల్చుకోవడం కష్టం. 1840లో జాన్ గూల్డ్ అనే ఇంగ్లిష్ పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండ్ చేర్చాక పెంపకం మొదలైంది. నీలం, తెలుపు లాంటి రంగులు ఆ పెంపకంలో నిలదొక్కుకున్నవే.

వాటికి సొంత ఊరంటూ ఉండదు. ఎక్కడ వాన పడి గడ్డి గింజ పడితే అక్కడికి ప్రయాణం. ఒక్కో పిట్ట 30, 40 గ్రాములకు మించదు. అంత చిన్న ప్రాణి ఒంటరిగా ఏం చేయగలదు? అందుకే నీటి గుంటల దగ్గర ఒక్కోసారి వేలల్లో దిగుతాయి. గుంపంతా ఒక్కసారిగా మలుపు తిరిగితే, దేన్ని పట్టాలో తెలీక డేగ తికమకపడుతుంది. ఎండ ముదిరితే చెట్ల నీడలో కదలకుండా కూర్చుంటాయి. నీది మధ్యాహ్నం ఉలకదు పలకదు అని టెన్షన్ పడ్డావే, అలవాటు అదేనేమో!

మంచి వానలయ్యాకే పిల్లల్ని పెడతాయి. గూడు అల్లే శ్రమ లేదు, చెట్టు తొర్రే ఇల్లు. రోజు విడిచి రోజు పెట్టే 4 నుంచి 6 గుడ్లను ఆడది దాదాపు 18 రోజులు పొదుగుతుంది. మగది గింజలు మింగి తెచ్చి, కక్కి ఆమె నోటికి అందిస్తుంది. కడగొట్టుది కళ్ళు తెరవకముందే పెద్దది మెడ సాచి తిండికి ఎగబడుతుంది. నువ్వూ తమ్ముడూ గుర్తొచ్చారు.

నీ కిటికీ బయట ఆ గుంపు లేదు, బుజ్జీ. నీలం రంగు దూరానికే కనబడుతుంది. వదలకు. గది తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, రోజూ ఓ గంట ఎగరనివ్వు.

ఒంటరిగా ఉండటం మాత్రం దానికి నిజంగానే కష్టం. ముక్కు పైన, రంధ్రాల చుట్టూ రంగు చూడు. నీలమైతే మగది, గోధుమ రంగైతే ఆడది. చూసి రాయి, తోడు సంగతి అప్పుడు ఆలోచిద్దాం.

నాన్న